నున్నటి కోత

మా బావ గురించి ఎవరు అడిగినా ఒకే ఒక్క మంచి మాట చెబుతాను. అది ముందే చెప్పేసి చేతులు దులుపుకుంటాను. ఇనుము కోయడంలో అతనంతటి పనివాణ్ణి నేను చూడలేదు. మిగతాదంతా విన్నాక, ఆ ఒక్కటి మాత్రం ఎందుకు చెప్పావని మీకు ఒళ్ళు మండితే మండనివ్వండి. ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప నాకు ఇంకోటి చేతకాదు. అందుకే మా అమ్మ నన్ను నోటి దురుసు పిల్ల అంటుంది. పిల్లనేం కాదు, తల సగం నెరిసింది. నోటి సంగతి మాత్రం నిజమే.

బావంటే మా అక్క మొగుడు. మా వర్క్‌షాపులో బ్యాండ్‌సా నడిపేవాడు. అది ఇనుమును అడ్డంగా కోసే యంత్రం. తొడంత లావున్న గుండ్రటి కడ్డీని వైసులో, అంటే రెండు ఇనుప దవడల మధ్య, బిగిస్తారు. పైన బరువైన దిమ్మ ఒకటుంటుంది. పళ్ళున్న ఉక్కు పట్టీ దానిలో చక్రాల మీద ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. దిమ్మ తన బరువుతో తానే మెల్లగా కిందికి దిగుతూ కడ్డీని కోసుకుంటూ పోతుంది. ఎంత మెల్లగా దిగాలన్నది పక్కనున్న చిన్న వాల్వు చెబుతుంది. ఆ వాల్వు మా బావ చేతిలో ఉండేది. వేడెక్కకుండా కోత మీద పాలలాంటి కూలెంటు నీళ్ళు పడుతూ ఉండాలి, అంతే. చూడ్డానికి ఎవరైనా చేసేస్తారనిపిస్తుంది. ఒకసారి చేసి చూడండి, తెలుస్తుంది.

నా పని ఆ పక్క బల్ల మీదే. కోసిన ముక్కలు నా దగ్గరికి వస్తాయి. అంచుల్లో మిగిలిన ముళ్ళను ఆకురాయితో తీసి, తుడిచి, లేత్ యంత్రం వాళ్ళకు పంపాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా కళ్ళ ముందు ఉండేవి ఆ ముక్కల మొహాలే. ప్రతి మొహం మీదా గీతలుంటాయి. పళ్ళు నడిచిన దారి అది.

కోత బాగుంటే గీతలు సన్నగా, ఒకదాని పక్కన ఒకటి, అప్పుడే దువ్విన తలలా ఉంటాయి. గోటికి తగలాలి తప్ప కంటికి ఆనవు. పట్టీలో ఒక్క పన్ను విరిగినా, అది తిరిగి వచ్చిన ప్రతిసారీ ఒక లోతైన గాటు పెట్టి పోతుంది. వైసు వదులుగా ఉంటే మొహమంతా అలలు లేస్తాయి. ఇక వాల్వు ఎక్కువ తిప్పి దిమ్మను తొందరపెట్టారనుకోండి, గీతలు మొద్దుగా, ఎడంగా పడతాయి, ముక్క మధ్యలో పొట్ట ఉబుకుతుంది. కోతలో రాలే ఇనుప రజను కూడా కమిలి నీలం తిరుగుతుంది. అలాంటి ముక్క వెళ్తే లేత్ వాళ్ళు నన్ను తిట్టేవాళ్ళు. కోసినవాణ్ణి తిట్టే దమ్ము వాళ్ళకు లేదు.

ఎందుకు లేదో చెబుతాను. రెండో షిఫ్టులో అదే యంత్రం మీద ఒకాయన పనిచేసేవాడు. అందరం పెద్దాయన అనేవాళ్ళం. చీమకు కూడా హాని చెయ్యడు. ఒకసారి కడ్డీ సగం తెగేసరికి పట్టీ పుటుక్కున తెగిపోయింది. అలా జరిగినప్పుడు కొత్త పట్టీని పాత గాటులో పెట్టకూడదు. పాత పట్టీ పళ్ళు అరిగి సన్నబడి ఉంటాయి, అవి కోసిన సందు కూడా సన్నగానే ఉంటుంది. కొత్త పళ్ళు అందులో ఇరుక్కుని ఊడిపోతాయి. కడ్డీని బోర్లా తిప్పి రెండో వైపు నుంచి కోసుకు రావాలి. రెండు కోతలూ కలిసినచోట చిన్న మెట్టు పడుతుంది, దాన్ని నేను చూసుకుంటాను. పెద్దాయనకు ఇదంతా తెలుసు. కానీ ఆ రోజు అలసిపోయాడో, ఏ ధ్యాసలో ఉన్నాడో, కొత్త పట్టీని తీసుకెళ్ళి పాత గాటులోకే దించాడు. పళ్ళన్నీ వరసగా రాలిపోయాయి.

పొద్దున బావ వచ్చి ఆ ముక్క తీసి చూశాడు. సగం దాకా నున్నగా ఉంది, అక్కణ్ణించి పీకి పెట్టినట్టుంది. రోజంతా నిమ్మకు నీరెత్తినట్టు తన పని తాను చేసుకున్నాడు. సాయంత్రం పెద్దాయన షిఫ్టుకొచ్చి చొక్కా మార్చుకుంటుంటే వెనకనుంచి వెళ్ళి మెడ పట్టుకున్నాడు. ఈడ్చుకొచ్చి, ఆయన బుగ్గను ఆ చీలిన ఇనుము మీద పెట్టి రాశాడు. అరగదీసినట్టు పైకీ కిందికీ రాశాడు. పెద్దాయన కేకలు గేటు దాకా వినిపించాయి. లేత్ వాళ్ళు అందరూ కలిసి లాగినా బావ వదల్లేదు. తనకు చాలనిపించాక వదిలేసి, చేతులు కడుక్కుని టీ తాగడానికి వెళ్ళాడు. పెద్దాయన బుగ్గ మీద ఆ గీతలు చాలా కాలం ఉన్నాయి. పోల్చుకోవడానికి పక్కన ముక్క పెట్టుకోవచ్చు, అంత తేటగా పడ్డాయి.

"కాస్త కోపిష్టి. పనిమంతుడికి ఆ మాత్రం ఉంటుందిలే" అన్నాడు ఫోర్‌మన్. అని, కూలెంటు డబ్బా మార్చమని ఎవరికో చెప్పి వెళ్ళిపోయాడు. ఆ పూట మా వర్క్‌షాపులో ఒక్క మగాడు లేడని నేను గట్టిగానే అన్నాను. అందరికీ వినపడింది, ఎవరూ వినలేదు.

బావ పుట్టుపూర్వోత్తరాలు కూడా చెప్పాలి కదా. వాళ్ళ నాన్న పాత ఇనుము కొట్టు నడిపేవాడు. తాగొచ్చినప్పుడు కొడుకును కొట్టడానికి వాడిపారేసిన రంపపు పట్టీలు తీసుకునేవాడట. బావ వీపు మీద భుజం నుంచి నడుము దాకా ఏటవాలుగా పళ్ళ గుర్తులున్నాయని పెళ్ళయిన కొత్తలో అక్క నాతో చెప్పి ఏడ్చింది. దెబ్బలు తిన్నవాడికి ఎదుటివాళ్ళ నొప్పి తెలుస్తుందని అమ్మ తెగ జాలిపడింది. నిజమే, తెలుస్తుంది. ఎక్కడ కొడితే ఎక్కువ నొప్పో బాగా తెలుస్తుంది. ఆ ఇంట్లోంచి పారిపోయి వచ్చి మా వర్క్‌షాపులో రజను ఊడ్చే పనిలో చేరాడు. ఊడుస్తూ ఊడుస్తూ రజను రంగు చూసి కోత ఎలా ఉందో చెప్పడం నేర్చుకున్నాడు. యంత్రం అతని చేతికొచ్చాక పెద్దాయన తప్ప ఇంకెవరూ దాన్ని ముట్టుకోవడానికి ఇష్టపడలేదు. ఒక్కో పట్టీని ఆఖరి పన్ను అరిగేదాకా వాడేవాడు. ఒక పట్టీని ముందే తీసి పారేశాడంటే ఎవరూ నమ్మరు.

మా అక్క నాకు అన్నం తెచ్చిపెట్టడానికి వచ్చినప్పుడు చూశాడు. చూసి, నా బల్ల దగ్గర తచ్చాడడం మొదలుపెట్టాడు. "మరదలా, మీ అక్క నవ్వదా?" అని అడిగాడు. "నవ్వుతుంది, ముందు నవ్వొచ్చే మాట నువ్వేదైనా చెప్పు" అన్నాను. అప్పుడింకా మరదల్ని కాను, అయినా అలాగే పిలిచేవాడు. నాకూ సరదాగానే ఉండేది. మనిషి ఎర్రగా, బలంగా, తక్కువ మాటలతో బాగానే ఉండేవాడు. అమ్మ ఎగిరి గంతేసింది. అక్క సరేనంది. మా అక్క దేనికైనా సరేనంటుంది, నోట్లో నాలుక లేని మనిషి.

పెళ్ళైన ఏడాదికే మొదలైంది. కారణాలు చెప్పి మీ బుర్ర తినను, కారణాలకేం కొదవ. తలుపు తియ్యడం ఆలస్యమైంది. కింద వాటా దర్జీ ఆవిడతో ఎక్కువసేపు మాట్లాడింది. చొక్కా గుండీ ఊడింది. అక్క ఆ దర్జీ ఆవిడ దగ్గరే గుండీలు కుట్టే పని చేసేది, మొగుడి చొక్కాకు మాత్రం గుండీ లేదా అని చితకబాదాడు. ఒకసారి కడుపుతో ఉన్నప్పుడు మెట్ల మీద తన్నాడు. కడుపు పోయింది, ఇక మళ్ళీ రాలేదు. ఆసుపత్రిలో జారి పడ్డానని చెప్పింది. నర్సు నా వంక చూసింది, నేను అక్క వంక చూశాను, అక్క గోడ వంక చూసింది.

"మొగుడన్నాక ఒక దెబ్బ వేస్తాడు, ఒక మాట అంటాడు. అన్నిటికీ పుట్టింటికొచ్చి కూచుంటే ఎలా?" అనేది అమ్మ.

"ఒక దెబ్బైతే ఎవరు లెక్కపెడతారమ్మా. నీ అల్లుడు వేసేది ఒకటి కాదు" అనేదాన్ని నేను.

"నువ్వు ఊరుకో. నీ నోటికి భయపడే ఎవరూ నిన్ను చేసుకోలేదు."

అది నిజమో కాదో గానీ, ఒకవేళ నిజమైతే నా నోరు నాకు మేలే చేసింది.

ఇక ముక్కల సంగతి. బావ మొహం చూస్తే ఏమీ తెలిసేది కాదు. లోపల ఉడికిపోతున్నా పైకి చెరువు నీళ్ళలా ఉండేవాడు. కోపం వచ్చిన వెంటనే కొట్టే మనిషి కాదు. పొద్దున వచ్చిన కోపాన్ని సాయంత్రం దాకా దాచుకుని, ఇంటికెళ్ళి, తలుపేసి, రేడియో పెట్టి మరీ కొట్టేవాడు. కానీ ఆ రోజంతా అతని చెయ్యి వాల్వును ఒక పిసరు ఎక్కువ తిప్పేది. అది అతనికి కూడా తెలిసేది కాదు. అక్క పెదవి చిట్లిన రోజు నా బల్ల మీదికి పొట్ట ఉబ్బిన ముక్కలొచ్చాయి. చెవి తెగిన రోజు మొద్దు గీతలు. చెయ్యి విరిగిన రోజు రజను నీలం తిరిగింది. ఒకటి రెండు సార్లు జరిగితే అదేదోలే అనుకుంటాం. ఎన్నోసార్లు జరిగాక ఆ గీతలు చూస్తే చాలు, సాయంత్రం ఏం జరగబోతుందో నాకు తెలిసిపోయేది.

అప్పణ్ణించి గరుకు కోత వచ్చిన రోజున నేను వెనక గేటులోంచి ముందే బయటపడేదాన్ని. పరుగున అక్క వాటాకు వెళ్ళి, అమ్మకు కళ్ళు తిరిగాయనో, నాకు జ్వరమనో చెప్పి, కట్టుబట్టలతో మా ఇంటికి లాక్కొచ్చేదాన్ని. బావ వెళ్ళేసరికి ఇల్లు ఖాళీ. ఆ కోపమంతా గిన్నెల మీదా తలుపుల మీదా పోయేది. మర్నాడో ఎల్లుండో చల్లబడి వచ్చి తీసుకెళ్ళేవాడు. అక్క వెళ్ళేది.

వెళ్ళొద్దని ఎన్నిసార్లు చెప్పానో. "నా దగ్గరుండవే" అంటే "ఎన్నాళ్ళుంటాను?" అనేది. "చచ్చేదాకా ఉండు" అంటే "ఆయన మరీ అంత చెడ్డవాడేం కాదులే" అనేది. ఎప్పుడో ఒక రోజు నేను వెళ్ళేసరికి అక్క ప్రాణాలతో ఉండదు. నా భయం అదొక్కటే. ఆ గీతలు నేను కళ్ళు పొడుచుకుని చూసింది ఆ ఒక్కదాని కోసమే.

బావ తెలివితక్కువవాడేం కాదు. తను కోపంగా ఉన్న రోజే పెళ్ళాం ఇంట్లో ఎందుకు ఉండటం లేదో ఆలోచించి ఉంటాడు. ఒక రోజు నేను పొట్ట ఉబ్బిన ముక్కను వెలుతురుకు పెట్టి చూస్తుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏం చూస్తున్నావు మరదలా?"

"పొట్ట చూస్తున్నాను. నువ్వు కోసిందే."

ముక్క నా చేతిలోంచి తీసుకుని, దాని మీద గోరు పెట్టి అటు నుంచి ఇటు రాశాడు. తర్వాత నా మొహం చూశాడు. మళ్ళీ ముక్కను చూశాడు. కోసిన వైపు కిందికి వచ్చేలా దాన్ని బల్ల మీద బోర్లించి, తన యంత్రం దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం కూడా అక్కను లాక్కొచ్చాను. తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు గుమ్మంలో నిలబడి నన్ను ఎగాదిగా చూశాడు. అక్క చెప్పులేసుకుంటుంటే ఎంతో నెమ్మదిగా, "నిదానంగా రా, తొందరేం లేదు" అన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు అంతా మామూలుగా గడిచింది. కొన్ని ముక్కలు బాగా వచ్చాయి, కొన్ని మామూలుగా వచ్చాయి. ఒక రోజు మాత్రం అంత గొప్పగా వచ్చాయి, చెబితే నమ్మరు. మొహాలు బల్లపరుపుగా ఉన్నాయి, గీతలు ఉన్నాయా లేవా అన్నంత సన్నగా ఉన్నాయి. ముళ్ళు తీసే పని కూడా పెద్దగా లేదు. బావ పట్టీ మార్చినట్టున్నాడు అనుకున్నాను. కొత్త పట్టీకి మొదట్లో దిమ్మను చాలా మెల్లగా దించాలి, లేకపోతే పళ్ళు నిలవవు. అంత మెల్లగా కోస్తే ఎవరు కోసినా నున్నగానే వస్తుంది. ఆ ముక్కలు తుడుస్తూ నాకు హాయిగా ఉంది. సాయంత్రం అక్క ఇంటివైపు వెళ్ళకుండా అమ్మతో కలిసి బజారుకు వెళ్ళాను.

మేం తిరిగొచ్చేసరికి దర్జీ ఆవిడ మా గుమ్మంలో కూచుని ఉంది. ఒక కాలికే చెప్పుంది. ఎగరొప్పుతోంది. "రేడియో పెట్టాడు. అది ఆపేసి వెళ్ళాక పైకెళ్ళి చూశాను. త్వరగా రండి" అంది. అమ్మ చేతిసంచి అక్కడే పడేసింది.

తలుపు బార్లా తెరిచి ఉంది. గడప దగ్గర జుట్టు ఉంది, చేతి నిండా పట్టుకుని పీకిన జుట్టు, కుదుళ్ళతో సహా. కుర్చీ ఒకటి విరిగి, దాని కాలు గది మధ్యలో పడి ఉంది. అక్క పొయ్యికీ గోడకూ మధ్య సందులో ముడుచుకుని ఉంది. కనుబొమ్మ చీలి తెల్లగా ఎముక కనిపిస్తోంది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. భుజం దగ్గర ఎముక చర్మాన్ని పైకి తోసుకుని లేచి ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా లోపలెక్కడో గరగరమంటోంది. కుర్చీ కాలితో పక్కటెముకల మీద కొట్టాడని డాక్టరు తర్వాత చెప్పాడు. ఒకచోట కాదు, పైనుంచి కిందికి వరసగా, తీరిగ్గా. నేను "అక్కా" అంటే కళ్ళు తెరవలేదు, నా కొంగు మాత్రం పట్టుకుంది. కూజా నీళ్ళతో అతను చేతులు కడుక్కున్నట్టున్నాడు, గిన్నెల తొట్టిలో ఎర్రటి నీళ్ళున్నాయి. తుడుచుకున్న తువ్వాలు మళ్ళీ మేకుకే తగిలించి ఉంది.

ఆసుపత్రిలో అక్కను లోపలికి తీసుకెళ్ళారు. బతుకుతుందో లేదో పొద్దుటికి గానీ చెప్పలేమన్నారు. అమ్మ బల్ల మీద కూచుని ఒకటే గొణుగుడు, ఎవరితో మొరపెట్టుకుంటోందో తెలియదు. నాకు ఏడుపు రాలేదు. పొద్దున డాక్టరు వచ్చి ప్రాణానికి ఫరవాలేదన్నాక లేచి, అదే చీరతో వర్క్‌షాపుకు వెళ్ళాను. చీర మీద అక్క రక్తం ఎండి అట్టకట్టింది. గేటు దగ్గర నన్ను చూసి పక్కకు తప్పుకున్నారు.

బావ అప్పటికే వచ్చి పనిలో ఉన్నాడు. అవును, పనికొచ్చాడు. పెళ్ళాం బతికిందా చచ్చిందా అని కూడా చూడకుండా, ఇస్త్రీ చొక్కా వేసుకుని పనికొచ్చాడు.

అతని వెనక గోడకు మేకులున్నాయి. తీసేసిన పట్టీలను చుట్టలు చుట్టి అక్కడ తగిలిస్తారు. నిన్న తీసిన పట్టీ అన్నిటి కంటే పైన ఉంది. ఎందుకో దాని మీద బొటనవేలు పెట్టి లాగాను. చర్మం సర్రున తెగింది. ఒక్క పన్ను కూడా అరగలేదు. ఇంకా ఎన్నో కడ్డీలు కోసే పట్టీ అది. దాన్ని తీసేసి కొత్తది వేశాడు. కొత్తది వేస్తే మెల్లగా కొయ్యక తప్పదు, మెల్లగా కోస్తే కోత నున్నగా వస్తుంది, నున్నగా వస్తే నేను నిశ్చింతగా ఇంటికి పోతాను. ఒక పట్టీ పాడుచేసినందుకు సాటి మనిషి బుగ్గను ఇనుము మీద రాసినవాడు, నన్ను ఏమార్చడానికి మంచి పట్టీని చేజేతులా తీసి గోడకు తగిలించాడు. పొద్దున్నే అన్నీ ఆలోచించుకుని, రోజంతా నున్నగా కోసి, సాయంత్రం వెళ్ళి కొట్టాడు.

నా వేలినుంచి రక్తం కారడం చూశాడు. వైసు బిగిస్తున్న చేతిని అక్కడే, వైసు దవడ మీద ఆనించి, నాతో మామూలుగా మాట్లాడాడు.

"నిన్నటి ముక్కల్లో చూడ్డానికి ఏమీ దొరకలేదు కదూ మరదలా?"

బల్ల మీద సన్నపాటి కడ్డీ నుంచి కోసిన ముక్క ఉంది. పిడికిలి కంటే కాస్త పెద్దది, నున్నటిది. రెండు చేతులా ఎత్తి అతని చేతి మీద వేశాను. వేళ్ళు వైసు దవడకూ ముక్కకూ మధ్య నలిగాయి. పచ్చి కట్టె విరిగినట్టు వినిపించింది. అతను నోరు తెరిచాడు గానీ కేక రాలేదు. చెయ్యి లాక్కునేలోపు మళ్ళీ వేశాను, ఈసారి మణికట్టు మీద. అప్పుడు అరిచాడు. రెండో చేత్తో నా జుట్టు పట్టి తలను దిమ్మకేసి కొట్టాడు. నోట్లో ఏదో విరిగింది, నాలిక మీద పన్ను తగిలింది. మళ్ళీ కొట్టాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. అయినా ముక్క వదల్లేదు. అతని చెయ్యి ఎక్కడుందో కంటికి కనబడక, చేత్తో తడిమి పట్టుకుని, వైసు మీదికి లాగి మూడోసారి వేశాను. దాంతో అతను మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కూలెంటు ఇంకా పారుతూనే ఉంది, తెల్లగా ఉండాల్సింది గులాబీ రంగులో పారుతోంది. నోట్లోని పన్ను అతని మీదే ఉమ్మేశాను.

అప్పుడొచ్చారు మగాళ్ళు. నన్ను పట్టుకున్నారు, అతన్ని లేపారు. పెద్దాయన ఏదో సామాను కోసం పొద్దున్నే వచ్చినట్టున్నాడు, స్తంభం పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మొదటి దెబ్బ నుంచి అక్కడే ఉన్నాడట. లాగడానికి మాత్రం రాలేదు.

ఫోర్‌మన్ ఉరుక్కుంటూ వచ్చి ఏం జరిగిందని అడిగాడు. నేను చెప్పబోయాను, దాచుకోవడానికి నాకేం పని. నాకంటే ముందే బావ చెప్పాడు. మొహం తెల్లగా పాలిపోయి ఉంది, పళ్ళు బిగబట్టి చెప్పాడు.

"కడ్డీ జారి చేతి మీద పడింది."

మరదలు చెయ్యి విరగ్గొట్టిందని నలుగురిలో ఒప్పుకుంటే పరువేం కావాలి. ఫోర్‌మన్ కిందికి చూశాడు. కడ్డీ వైసులో బిగించి కదలకుండా ఉంది. నా మూతినిండా రక్తం. అతను అందరి మొహాలూ చూశాడు. లేత్ వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు, అవును జారింది, మేమూ చూశాం అన్నారు. పెద్దాయన అందరికంటే గట్టిగా అన్నాడు. అతన్ని ఏదో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆ వేళ్ళతో ఇంక వాల్వు తిప్పడం అయ్యే పని కాదని అక్కడే తేల్చేశారట. నన్ను ఇంటికి పొమ్మన్నారు. నేను అక్క దగ్గరికి వెళ్ళాను.

మధ్యాహ్నానికి అక్కకు తెలివొచ్చింది. ఒక కన్ను తెరుచుకుంది. భుజానికీ ఛాతీకీ కట్లు. మాట మెల్లగా, తునకలు తునకలుగా వస్తోంది. అప్పటికే అల్లుడి కబురు అమ్మ దాకా వచ్చేసింది. ఇంటికెళ్ళి వండి, క్యారేజీ సర్ది తెచ్చుకుంది. కూతురికి గంజి చాలన్నారు కదా, మరి ఇదెవరికని అడిగాను. అమ్మ నా వంక చూడకుండా మూత బిగించింది.

"వెళ్ళే దారిలో ఇచ్చి వెళ్తాను. ఎంతైనా ఇంటి అల్లుడు. ఆ చెయ్యితో అన్నం ఎలా తింటాడే? ఎవరు పెడతారు?" అంది. నా ఉబ్బిన మూతి చూసి, "ఆడపిల్లవా నువ్వు, రాక్షసివా?" అని కూడా అంది.

అనాల్సినవి నాకు చాలా ఉన్నాయి. అక్క వేళ్ళు కదిలించి నన్ను ఆపింది.

"ఏమైంది?"

"నీ మొగుడి చెయ్యి విరగ్గొట్టాను" అన్నాను. "నున్నగా కోసి నన్ను మోసం చేశాడు. ఇక జన్మలో ఆ చేత్తో నిన్ను ముట్టుకోలేడు."

అక్క సంతోషిస్తుందనుకోలేదు. ఏడుస్తుందనుకున్నాను. అయ్యో, ఆయనకు ఎంత నొప్పో అంటుందనుకున్నాను. వెళ్ళి దగ్గరుండి అన్నం కలిపి పెడతానంటుందేమో, అంటే ఇక్కడే అరిచి గోల చేద్దామనుకున్నాను. అక్క పైకప్పు చూస్తూ అడిగింది.

"ఏ చెయ్యి?"

"కుడిచెయ్యి. మూడుసార్లు వేశాను."

అక్క మళ్ళీ ఊపిరి తీసుకుంది. లోపల గరగరమంది.

"నన్ను కొట్టేది ఎడమ చేత్తోనే. మొదటి రోజు నుంచీ అంతే. కుడి చెయ్యి పనికి కావాలని, దానికి ఏమీ కాకుండా చూసుకునేవాడు."

అమ్మ క్యారేజీ పట్టుకుని లేచింది లేచినట్టే నిలబడిపోయింది. నా నోటికి మాట రాకపోవడం అమ్మ కూడా చూసి ఉండదు.

"ఎడమది బాగానే ఉందిగా" అంది అక్క. "నేనింక ఆ ఇంటికి పోను. నా గుండీల డబ్బా దర్జీ ఆవిడ దగ్గరుంది, తెచ్చిపెట్టు."

అమ్మ కూచుని, క్యారేజీ మూత తీసి, నా చేతికి పళ్ళెం ఇచ్చి, మెత్తగా నమలమని చెప్పి అన్నం పెట్టింది.